లాల్‌దర్వాజా పిల్ల చదివితే వినేదెవరు?

అసర్ నివేదిక వెలువడినప్పుడల్లా ఒక అంకె పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు ఎందరన్నదే ఆ అంకె. దేశం మొత్తం మీద 2018లో అది 27.3 శాతం. కరోనాతో బడులు మూతపడి తెరుచుకున్నాక, 2022లో, 20.5కి దిగజారింది. 2024లో మళ్లీ 27.1కి చేరింది. ఆ సాయంత్రం టీవీల్లో తెలంగాణ ఎక్కడ, ఆంధ్రప్రదేశ్ ఎక్కడ అని చర్చలు నడుస్తాయి. ఆ లెక్కల్లో హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా పిల్లలు ఉండరు. షాలిబండ, గౌలిపురా, ఛత్రినాక, ఉప్పుగూడ పిల్లలూ ఉండరు. అసర్ గ్రామీణ సర్వే. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ఈ సర్వే కోసం వలంటీర్లు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని చదివించి వింటారు. పాతబస్తీ గల్లీ ఆ దారిలో లేదు.

నగరం కదా, బడులకేం కొదవ అనుకోవచ్చు. నిజమే, కొదవ లేదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జేమ్స్ టూలీ, పాలీన్ డిక్సన్ 2000 దశకం తొలి సంవత్సరాల్లో బండ్లగూడ, బహదూర్‌పురా, చార్మినార్ మండలాల్లో గల్లీ గల్లీ తిప్పించి బడులను లెక్కపెట్టించారు. 918 బడులు తేలాయి. వాటిలో సర్కారు బడులు 35 శాతమే. గుర్తింపు లేని ప్రైవేటు బడులు 37 శాతం. బడికి వెళ్లే పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది సర్కారు సాయం అందని ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. ఆ లెక్క తర్వాత ప్రైవేటు మేలా, సర్కారు మేలా అన్న వాదం దేశదేశాల్లో చాలా కాలం సాగింది. ఆ గొడవలో ఒక చిన్న ప్రశ్న వెనకబడింది. ఇన్ని బడుల్లో కూర్చున్న ఏడేళ్ల పిల్లకు చదవడం వచ్చిందా లేదా అని ఎవరైనా ఆమె చేత చదివించి విన్నారా?

పాతబస్తీలోనే కాదు, తెలుగు రాష్ట్రాల్లో చాలా బడుల్లో జరిగేది వేరు. యూకేజీ నుంచే నోట్‌బుక్కులు నిండుతాయి. బోర్డు మీది వాక్యం చూసి రాస్తారు, ప్రశ్నకు టీచర్ చెప్పిన జవాబు కంఠతా పట్టి పరీక్షలో దించుతారు. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు వరసగా జరుగుతాయి, ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు పడుతుంది. అమ్మానాన్నలు నోట్‌బుక్కు చూస్తారు. గుండ్రటి చేతిరాత, ఎర్ర ఇంకుతో టిక్కులు కనిపిస్తే చదువు సాగుతోందని నమ్ముతారు. సాయంత్రం ట్యూషన్‌లోనూ జరిగేది హోంవర్కు పూర్తి చేయించడమే. ఇంత చాకిరీలో, ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు ఆ పిల్ల ముందు పెట్టి, 'చదువమ్మా' అని పక్కన కూర్చుని వినే ఐదు నిమిషాలు ఎవరికీ చిక్కవు. కంఠతా పట్టిన పిల్లకూ చదవడం వచ్చిన పిల్లకూ రాతపరీక్షలో ఒకే గ్రేడు రావచ్చు. తేడా బయటపడేసరికి ఆమె ఐదో తరగతిలో ఉంటుంది. అక్కడి సాంఘికశాస్త్రం పాఠం ఆమె కోసం ఆగదు.

ఈ బాధ ఇవాళ్టిది కాదు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని బడుల పరిస్థితి ఆరా తీయమన్నప్పుడు, బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో ఒక నివేదిక పంపాడు. ఆయన తెలుగు తెలిసినవాడు, 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినవాడు. తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఆ జిల్లాలో 533 బడులున్నాయని లెక్క చెప్పాడు. పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దడాన్ని, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పొదుపైన పద్ధతిని మెచ్చుకున్నాడు. ఆయన్ను బాధించింది మరొకటి. నిత్యం మాట్లాడే భాషకు దూరమైన కావ్యభాషలో ఉన్న పద్యాలను పిల్లలు వందల కొద్దీ గడగడా అప్పజెబుతారు, వాటి అర్థం మాత్రం తెలియదు అన్నాడు. పలకడం వేరు, తెలియడం వేరని తెలుగు నేల మీది బడుల గురించి సర్కారు కాగితాల్లోకి ఎక్కి రెండు వందల ఏళ్లు దాటింది. కావ్యభాష ఉన్న చోటికి ఇప్పుడు ఇంగ్లిష్ వచ్చింది.

చదివించి వినే పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. అసర్ కార్డు మీద నాలుగు గళ్లు ఉంటాయి: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ముందు పేరా ఇస్తారు. మూడు తప్పులు మించకుండా, వాక్యాన్ని వాక్యంలా చదివితే కథ ఇస్తారు. పేరా దగ్గరే తడబడితే మాటల గడికి వెళతారు. ఐదు మాటల్లో నాలుగు వస్తే అది మాటల స్థాయి. అవీ రాకపోతే అక్షరాలు. గడియారం పెట్టరు, మార్కులు వేయరు. పిల్ల ఏ మెట్టు మీద ఉందో మాత్రం రాసుకుంటారు. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఈ తేలిక పద్ధతినే కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో 'ఉవేజో' పేరుతో అందిపుచ్చుకున్నారు.

దీనికన్నా లోతుకు వెళ్లేది 'ఎగ్రా'. అమెరికాకు చెందిన ఆర్‌టీఐ ఇంటర్నేషనల్ 2006లో దీని రూపకల్పన మొదలుపెట్టింది. 2007లో సెనెగల్, గాంబియాల్లో తొలిసారి వాడి చూశారు. తర్వాత అది డజన్ల కొద్దీ దేశాలకు, వందకు పైగా భాషలకు పాకింది. అందులో అక్షరాల శబ్దాలు, తెలిసిన మాటలు, అర్థం లేని కల్పిత మాటలు, ఒక పేరా, ఆ పేరా మీద ప్రశ్నలు ఉంటాయి. ఇవి కాక, పరీక్షకుడు చదివి వినిపించిన కథ మీద కూడా ప్రశ్నలు ఉంటాయి. కల్పిత మాటలు ఎందుకంటే, 'అమ్మ', 'ఆవు' లాంటివి పిల్ల బొమ్మలా గుర్తుపట్టి చెప్పేయవచ్చు. 'తీబు' అన్న మాట ముందు పెడితే గుణింతం తెలిస్తేనే నోరు కదులుతుంది. చాలా భాగాలకు అరవై సెకన్ల గడువు ఉంటుంది. నిమిషంలో ఎన్ని మాటలు తప్పుల్లేకుండా చదివిందన్నదే దీని ప్రధానమైన కొలత.

ఆ నిమిషం లెక్క తెలుగు దగ్గరకు వచ్చేసరికి చిక్కు పడుతుంది.

ఇంగ్లిష్ పిల్ల ఇరవై ఆరు అక్షరాలు గుర్తుపడితే ఒక మెట్టు ముగుస్తుంది. తెలుగులో ముప్ఫై అయిదు దాకా హల్లులు, ఒక్కోదానికి డజను దాకా గుణింతాలు, వెరసి నాలుగు వందలు దాటతాయి. వత్తులు అదనం. థ, ద, ధ, ఢ చుక్కల్లోనో చిన్న గీతల్లోనో మాత్రమే వేరు. 'క్రమం' అన్న మాటలో ర వత్తు కంటికి ముందే కనబడుతుంది, నోటికి క తర్వాతే రావాలి. ఇలాంటివి ఒకటో తరగతిలో ఒడిసేవి కావు. తెలుగు లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. అక్షరాల మీద పట్టు నాలుగో తరగతి దాకా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుందని అందులో తేలింది. అందుకని రెండో తరగతి తెలుగు పిల్ల వత్తుల దగ్గర ఆగితే ఆమెలో లోపం ఉన్నట్టు కాదు. సరళమైన గుణింతాల దగ్గరే ఆగితే మాత్రం వెంటనే పట్టించుకోవాలి. ఈ రెంటి తేడా చెప్పలేని పరీక్ష తెలుగు పిల్లకు పనికిరాదు.

మాట పొడవు మరో చిక్కు. లాల్‌దర్వాజాలో గోడకు అటు ఉర్దూ, ఇటు తెలుగు వినిపిస్తాయి కనుక ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఉర్దూలో 'నహీ జా సకా' మూడు మాటలు. తెలుగులో 'వెళ్లలేకపోయాడు' ఒక్కటే మాట. ఇద్దరు పిల్లలు ఒకే వేగంతో చదివినా నిమిషం తిరిగేసరికి మాటల లెక్కలో తెలుగు పిల్ల వెనకబడుతుంది. ఉర్దూ పిల్లకు వేరే తిప్పలున్నాయి: ఆ లిపిలో హ్రస్వమైన అచ్చులు సాధారణంగా రాయరు, చదివేవాళ్లే పూరించుకోవాలి. కేంద్రం 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు అని లక్ష్యం పెట్టింది. గోడల మీద రాసుకోవడానికి ఒకే అంకె బాగానే ఉంటుంది, భాషలన్నీ దానిలో ఇమడవు. ఎన్‌సీఈఆర్‌టీ 2022 మార్చిలో దాదాపు 10 వేల బడుల్లో 86 వేల మంది మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, 20 భాషల్లో చదివించి విన్నది. ఆ అధ్యయనంలో ఏ భాషకు ఆ భాషకే వేరువేరు ప్రమాణాలు కట్టారు. సరైన పని అదే. తెలుగు బడికి వచ్చే అధికారి చేతిలో తెలుగు ప్రమాణమే ఉండాలి.

ఇక అసలు ప్రశ్న, లాల్‌దర్వాజాలో అన్నిటికన్నా పదునైన ప్రశ్న: ఏ భాషలో చదివించి వినాలి?

2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో తెలుగు మాతృభాష అన్నవాళ్లు, ఉర్దూ మాతృభాష అన్నవాళ్లు ఇంచుమించు సమానం. సింహవాహిని మహంకాళి గుడి చుట్టూ ఉన్న ఇళ్లలో తెలంగాణ తెలుగు వినిపిస్తుంది. నాలుగడుగులు వేస్తే దక్కనీ ఉర్దూ. గల్లీలో ఆడుకునే పిల్లలు రెండూ కలిపి మాట్లాడతారు, అది వాళ్ల బలం. బడిలో మాత్రం పుస్తకం ఇంగ్లిష్. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు ఇచ్చారు, అది మంచి ఆలోచన. 2018 చట్టం ప్రకారం అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అవుతూ వచ్చింది కనుక ఉర్దూ ఇంటి పిల్ల కూడా తెలుగు అక్షరాలు దిద్దుతుంది. అంటే ఇక్కడి పిల్లకు ఏడేళ్లు నిండేసరికి రెండు లిపులు తప్పవు, కొందరికి మూడు. అందులో ఏ ఒక్కదానిలో తడబడినా 'చదువు రాని పిల్ల' అనే ముద్ర సిద్ధంగా ఉంటుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రెండో తరగతి పుస్తకంలో బొమ్మ, దాని కింద 'గాలిపటం' అని మాట. సంక్రాంతికి పాతబస్తీ మిద్దెలన్నీ పిల్లలతో నిండిపోతాయి కానీ వాళ్లు ఎగరేసేది పతంగి. ఒక పిల్ల బొమ్మ చూసి 'పతంగి' అంటుంది. ఇంకో పిల్ల 'గా... లి... ప... టం' అని కూడబలుక్కుని చదివి, ఏమిటది అంటే నోరు మెదపదు. మొదటి పిల్లకు అర్థం తెలుసు, అక్షరాలు చదవలేదు. రెండో పిల్ల అక్షరాలు చదివింది, అర్థం తెలియదు. ఇద్దరికీ తప్పు అనే గుర్తే పెడితే టీచర్‌కు రేపు ఏం చేయాలో తెలియదు. మొదటి పిల్లకు కావాల్సింది గుణింతాల సాధన. రెండో పిల్లకు కావాల్సింది మాటలు, కథలు, కబుర్లు. మూడో పిల్ల కూడా ఉంది: 'వాడు వెళ్లాడు' అని ఉన్న చోట 'వాడు పోయిండు' అని చదివేసే పిల్ల. వాక్యం అర్థం చేసుకుని, తన ఇంటి మాటలోకి మార్చుకుంది. కార్డు పట్టుకున్న మనిషికి ఆ బస్తీ భాష తెలియకపోతే ఇదీ తప్పుల ఖాతాలోనే పడుతుంది. అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ 1960ల నుంచే ఇలాంటి తప్పులను విడిగా చూడాలని పోరాడాడు. న్యూజీలాండ్‌లో మేరీ క్లే, పిల్ల చదువుతుంటే టీచర్ ఒక్కో మాటకు గుర్తు పెట్టుకుంటూ, ఏ తప్పు ఎలా జరిగిందో రాసుకునే పద్ధతి నేర్పింది. తప్పుల సంఖ్య కన్నా తప్పు స్వభావమే టీచర్‌కు అక్కరకొస్తుందని ఇద్దరి అనుభవం.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం అన్న పనిని ఒక గుణకారంగా చూపారు: అక్షరాలను మాటగా మార్చే నేర్పును, ఆ భాష విని అర్థం చేసుకునే శక్తిని గుణిస్తే వచ్చేదే చదువు. కూడిక అని అనలేదు, గమనించాలి. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ఇంట్లో, గల్లీలో ఇంగ్లిష్ వినని పిల్ల ఇంగ్లిష్ అక్షరాలన్నీ నేర్చినా ఆ పేరా ఆమెకు పలకడంగానే మిగులుతుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాంతి సింప్లి నాయకత్వంలో 2016 నుంచి నాలుగేళ్లు సాగిన బహుభాషా పరిశోధనలో ఢిల్లీ, బిహార్‌లతో పాటు హైదరాబాద్ బడులూ ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియం అని బోర్డు ఉన్న తరగతుల్లో టీచర్లు తెలుగు కలిపి చెబుతుండటం వాళ్ల కంట పడింది. టీచర్లు చేసింది సరైనదే, పిల్లకు అర్థం కావాలి కదా. మరి తెలుగు కలిపి చెప్పిన పాఠాన్ని ఇంగ్లిష్‌లో మాత్రమే చదివించి పరీక్షిస్తే తేలేదేమిటి?

కనుక లాల్‌దర్వాజా లాంటి చోట రెండు పనులు తప్పనిసరి. పిల్ల ఇంటి భాషలో ఒక కథ చదివి వినిపించి, ప్రశ్నలడిగి, ఆమెకు విని అర్థం చేసుకునే శక్తి ఎంతుందో ముందు చూడాలి. ఆ తర్వాత బడిలో నేర్పుతున్న ప్రతి లిపిలోనూ చదివించాలి. తెలుగులో పేరా స్థాయిలో ఉన్న పిల్ల ఇంగ్లిష్‌లో అక్షరాల దగ్గరుంటే, ఆమెకు చదవడం వచ్చు, ఇంగ్లిష్ ఇంకా రాలేదు. రెంటిలోనూ అక్షరాల దగ్గరే ఉంటే చదవడమే రాలేదు. విని కూడా అర్థం చేసుకోలేకపోతే చెవి ఎలా ఉందో, చూపు ఎలా ఉందో డాక్టర్‌కు చూపించాలి. బోర్డు సరిగా కనపడని పిల్లను మొద్దు అనడం ఇప్పటికీ చాలా తరగతుల్లో జరుగుతూనే ఉంది. ఇక చదవడంలోనే ప్రత్యేకమైన ఇబ్బంది, డిస్‌లెక్సియా, ఉన్న పిల్లల్ని గుర్తించడానికి మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో 'డాలి' అనే సాధనం తెచ్చింది. మొదటి విడతలో అది హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో వచ్చింది. తెలుగుకు ఇలాంటివి ఎప్పుడూ ఆలస్యంగానే అందుతాయి.

కొలిస్తే చాలు, చదువు దానంతట అదే బాగుపడుతుందనే నమ్మకం అధికారుల్లో గట్టిగా ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షించి చూసింది మన దగ్గరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005-06లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 100 పల్లె బడుల్లో ఒక ప్రయోగం చేశారు. విద్యాసంవత్సరం మొదట్లో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో, ఏం చేయవచ్చో విడమరిచి రాసిన నివేదికలు టీచర్లకు ఇచ్చారు. మధ్యమధ్య తరగతుల్ని చూసి వచ్చారు. చూసేవాళ్లున్నప్పుడు టీచర్లు మరింత శ్రద్ధగా చెప్పారు. ఏడాది చివర పరీక్ష పెడితే, ఏ నివేదికా అందని బడుల పిల్లలకూ ఈ పిల్లలకూ తేడా కనపడలేదు. లైబీరియాలో 2008-10 మధ్య ఇలాంటిదే మరోటి జరిగింది. కొన్ని బడుల్లో ఎగ్రా ఫలితాలు తల్లిదండ్రులకు, ఊరివాళ్లకు తెలియజేసి ఊరుకున్నారు, పెద్దగా మార్పు రాలేదు. మరికొన్ని బడుల్లో ఫలితాలతో పాటు టీచర్లకు చదివించే పద్ధతి నేర్పి, పుస్తకాలిచ్చి, నిత్యం వెంట నిలిచారు. అక్కడ పిల్లల చదువు చెప్పుకోదగ్గంత ముందుకు కదిలింది.

కొలతకు భయం జోడిస్తే ఇంకో ప్రమాదం. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఏడాది పిల్లలందరికీ ఫోనిక్స్ పరీక్ష, అంటే అక్షరాల శబ్దాలు కలిపి మాట చదివించే పరీక్ష, పెడుతున్నారు. 40 మాటలు, అందులో సగం కల్పితమైనవి. మొదటి రెండేళ్లు 32 వస్తే చాలునని ముందే చెప్పారు. మార్కుల పట్టీ గీసి చూస్తే 31 దగ్గర పిల్లలు చాలా తక్కువ, 32 దగ్గర ఒక్కసారిగా గుట్ట. పిల్ల తడబడిన ఒక మాటను టీచర్ కరుణతోనో భయంతోనో దాటించేస్తున్నాడన్నమాట. 2014 నుంచి ఆ హద్దును ముందుగా చెప్పడం మానేశారు. మన దగ్గర బడికి ర్యాంకు, హెడ్మాస్టర్‌కు మెమో అనే సంప్రదాయం ఎంత బలమైందో తెలిసినవాళ్లకు, చదివించి వినే పరీక్ష కూడా ఆ దారి పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. వారం ముందే కార్డులోని కథ తరగతి అంతటికీ కంఠతా వచ్చేస్తుంది. క్యాంప్‌బెల్ చూసిన బడికే తిరిగి వెళ్లినట్టవుతుంది.

పని చేసిన పద్ధతి ఏదని అడిగితే హర్యానా వైపు చూడవచ్చు. 2012-13లో అక్కడి ప్రభుత్వ బడుల్లో రోజుకు ఒక గంటను పక్కన పెట్టారు. ఆ గంటలో తరగతి గోడలు లేవు. అక్షరాల స్థాయి పిల్లలంతా ఒక చోట, మాటల స్థాయివాళ్లు ఒక చోట, కథ చదివేవాళ్లు మరో చోట కూర్చున్నారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చింది అసర్ లాంటి కార్డే. పర్యవేక్షించే అధికారులకు ముందు తర్ఫీదు ఇచ్చి, వాళ్ల చేత స్వయంగా పిల్లలకు చెప్పించారు. హిందీ చదువులో మెరుగుదల కనిపించింది. కొలత ఫలితం ఆ మర్నాటి తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో మార్చింది కనుకనే అది సాధ్యమైంది. తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన 'తొలిమెట్టు' ఉద్దేశమూ ఇలాంటిదే, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడం. ఆ పేరుతో టీచర్లు నింపాల్సిన పట్టికలు తగ్గాలి, పిల్లల పక్కన కూర్చునే సమయం పెరగాలి. ముప్ఫై మంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలంటే మొత్తం రెండున్నర గంటలు. రోజుకు ఆరుగురి చొప్పున వింటే ఒక వారంలో పూర్తవుతుంది. ఒక్క టీచర్ రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో ఇదీ భారమే, అక్కడికి వలంటీర్‌ను పంపడం విద్యాశాఖ బాధ్యత.

టీచర్ తన కోసం వినేది, జనానికి చెప్పడం కోసం కొలిచేది, ఈ రెంటినీ కలపకూడదు. మొదటిది టీచర్ నోట్‌బుక్కులోనే ఉండిపోవాలి, అధికారి దాన్ని అడగకూడదు. రెండోదానికి బయటివాళ్లు కావాలి, బడికి కాకుండా ఇంటికి వెళ్లాలి. అసర్ పల్లెల్లో ఇంటికే వెళ్లడానికి కారణం ఉంది: సర్కారు బడి పిల్ల, ప్రైవేటు బడి పిల్ల, బడి మానేసిన పిల్ల ముగ్గురూ దొరికేది ఇంట్లోనే. గుర్తింపు లేని బడులు అన్ని ఉన్న పాతబస్తీలో ఈ కారణం మరింత బలమైనది. హైదరాబాద్ డిగ్రీ కళాశాలల్లో, ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో తెలుగు, దక్కనీ రెండూ వచ్చిన యువతీయువకులు వేలల్లో ఉన్నారు. వాళ్లకు రెండు రోజుల తర్ఫీదు చాలు. 'పోయిండు' తప్పు కాదని వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అమ్మకు చెప్పే సంగతి ఒక్క వాక్యంలో ఉండాలి, తెలుగు ఇంటికి తెలుగులో, ఉర్దూ ఇంటికి ఉర్దూలో: మీ పాప మాటలు చదువుతోంది, వాక్యం ఇంకా రావడం లేదు, రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. ఆ అమ్మకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, పక్కన కూర్చుని వినడం ఎవరైనా చేయగలరు. కథల పుస్తకాలు మాత్రం బడి ఇంటికి పంపాలి. చినుగుతాయని బీరువాలో పెట్టి తాళం వేస్తే కొన్న డబ్బంతా వృథా.

నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు 2026-27 విద్యాసంవత్సరం. అప్పటికి మూడో తరగతి ముగించే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలన్నది దాని లక్ష్యం. లాల్‌దర్వాజాలో ఆ లక్ష్యం అందిందో లేదో పల్లెలకే పరిమితమైన సర్వే చెప్పలేదు, రాష్ట్రం మొత్తానికి ఒక్క అంకె ఇచ్చే జాతీయ అధ్యయనమూ చెప్పలేదు. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ కార్డులు సిద్ధం చేసి, హైదరాబాద్ జిల్లా విద్యాశాఖ నవంబరులో రెండు వారాలు కేటాయిస్తే, పాతబస్తీలో ఏ బస్తీలో ఎందరు పిల్లలు అక్షరాల దగ్గర, ఎందరు మాటల దగ్గర ఆగిపోయారో డిసెంబరు ముగిసేలోపు తెలుస్తుంది. సంక్రాంతి సెలవుల తర్వాత రోజుకో గంట విడిగా చదివించడానికి, వేసవి సెలవుల లోపు ఇంకా మూడు నెలల బడి మిగిలే ఉంటుంది.